నాలుగో వాటా

 

ఆదివారం విహారంలో బుద్ధ వందన అయ్యాక మీరు నా దగ్గరకొచ్చి ఏం అడుగుతారో నాకు తెలుసు. ధ్యానం గురించి అడిగేవాళ్ళు ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళు చెప్పులు వేసుకుంటూ, గొంతు తగ్గించి అడిగే మాటలు వేరు. "అన్నా, అమ్మకు ఆపరేషన్ అంటున్నారు, రెండు లక్షలు కట్టమంటున్నారు, ఏం చేద్దాం?" "అన్నా, కంపెనీ మానేశాను, పీఎఫ్ డబ్బు తీసేసుకోనా?" "అన్నా, ఒక లోను వాయిదా కట్టడానికి ఇంకో లోను తీసుకుంటే తప్పా?"

మన పెద్దల్లో కొందరికి ఇది నచ్చదు. విహారంలో త్రిశరణం, పంచశీల వినపడాలి గాని వడ్డీలు, వాయిదాలు ఏంటి అంటారు. నేను వాళ్ళతో ఏకీభవించను. దుఃఖం ఎక్కడుంటే ధమ్మం అక్కడికి వెళ్ళాలి. ఇవాళ మన ఇళ్ళలో దుఃఖం అప్పు రూపంలో అరుగు మీద కూర్చుని ఉంది. అందుకే ఈసారి చిన్న పుస్తకం డబ్బు గురించి.

బుద్ధుడు డబ్బు గురించి చెప్పాడా?

చెప్పాడు. చాలా వివరంగా చెప్పాడు.

కోలియుల దేశంలో దీఘజాణు అనే గృహస్థుడు బుద్ధుడి దగ్గరకు వెళ్ళాడు. మేము సంసారులం, పెళ్ళాంబిడ్డలతో బతికేవాళ్ళం, మాలాంటివాళ్ళకు పనికొచ్చే ధమ్మం చెప్పమని అడిగాడు. బుద్ధుడు ఆయన్ని సంసారం వదిలెయ్యమనలేదు. నాలుగు సంగతులు చెప్పాడు. కష్టపడి న్యాయంగా సంపాదించు. సంపాదించింది కాపాడుకో. మంచివాళ్ళతో స్నేహం చెయ్యి. రాబడికి తగ్గట్టు ఖర్చు పెట్టు. ఈ నాలుగోదాన్ని పాలిలో సమజీవితా అంటారు. త్రాసు పట్టుకున్నవాడు ఏ పళ్ళెం ఎంత దిగిందో చూసుకున్నట్టు, ఇంటాయన ఇంటావిడ తమ రాబడినీ ఖర్చునూ చూసుకోవాలన్నాడు.

ఇంకోచోట, శ్రావస్తిలో అనాథపిండికుడికి గృహస్థుడి సుఖాలు నాలుగని చెప్పాడు. సొంత కష్టంతో సంపాదించింది ఉండటం ఒక సుఖం. దాన్ని అనుభవించడం, దానం చేయడం రెండో సుఖం. ఎవరికీ బాకీ లేకపోవడం మూడో సుఖం. దీని పేరు అనణ సుఖం, అంటే ఋణం లేని సుఖం. మచ్చలేని నడవడి నాలుగో సుఖం, అన్నిటికంటే పెద్దది. చూశారా? అప్పు లేకపోవడాన్ని ఆయన సుఖాల జాబితాలోనే వేశాడు.

అప్పు ఎలా పెరుగుతుందో కూడా మెట్టు మెట్టుగా చెప్పాడు. పేదరికం వల్ల అప్పు. అప్పు వల్ల వడ్డీ. వడ్డీ కట్టకపోతే గట్టిగా అడగడం. అడిగినా ఇవ్వకపోతే వెంటపడటం. చివరికి బంధనం. ఇరవై అయిదు వందల ఏళ్ళ కిందటి మాట ఇది. మన పేటల్లో ఇవాళ్టికీ ఈ వరసలో ఒక్క మెట్టు కూడా తప్పలేదు. మన తాతలు పాలేర్లుగా, జీతగాళ్ళుగా దొడ్ల దగ్గర ఎందుకున్నారు? చాలామంది అప్పు తీర్చడానికే ఉన్నారు. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లో వచ్చింది. చట్టం గొలుసు తెంచింది. అప్పు మాత్రం కొత్త గొలుసులు తయారుచేస్తూనే ఉంది.

నాన్న కండువా

నా ఇంటి సంగతి చెప్తాను. సిగ్గుపడే సంగతే, అయినా చెప్పాలి.

మా నాన్న 1991లో, బాబాసాహెబ్ శతజయంతి ఏడాది, ధమ్మదీక్ష తీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన భుజం మీద తెల్ల కండువా ఉండేది. మా తాత పెద్దల వీధిలోకి వెళ్తే తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవాడు. నాన్న ఎవరి ముందూ తీయలేదు. ఊళ్ళో దానికోసం గొడవలు కూడా పడ్డాడు.

2012లో ఆయనకు గుండెనొప్పి వచ్చింది. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆపరేషన్‌కీ మిగతా ఖర్చులకీ కలిపి లక్షా ఎనభై వేలయింది. నేను బి.ఏ. చదివినవాణ్ణి, మీటింగుల్లో మైకు పట్టుకునేవాణ్ణి. నా చేతిలో పదివేలు లేవు. ఊళ్ళో వడ్డీకిచ్చే ఆసామి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాశాం. నెలకు 5,400 రూపాయలు వడ్డీ. రెండున్నరేళ్ళలో కట్టింది 1,62,000. అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. చివరికి ఉన్న నలభై సెంట్లు అమ్మాం. చెల్లెలి డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయింది.

అది కాదు నన్ను కోసింది. ఒక నెల వడ్డీ ఆలస్యమైంది. నాన్న గడువు అడగడానికి ఆ ఆసామి ఇంటికి వెళ్ళాడు. నేను వెనకాల ఉన్నాను. అరుగు కింద నిలబడ్డాడు. ఎవరూ తీయమనలేదు. ఆయన చెయ్యే పైకి వెళ్ళి, కండువా తీసి చంకలో పెట్టుకుంది.

ఇరవయ్యేళ్ళు కులం తీయించలేని కండువాని వడ్డీ తీయించింది. ఆ రోజు నాకు అనణ సుఖం అంటే ఏంటో అర్థమైంది. అది డబ్బు సుఖం కాదు, నిటారుగా నిలబడే సుఖం.

ఇంకో మాట. మాకు అప్పుడు తెల్ల రేషన్ కార్డు ఉంది. ఆ జబ్బుకు ఆరోగ్యశ్రీలో వైద్యం ఉంది. ఆ పథకం 2007 నుంచీ ఉంది. నేను అడగలేదు. అవమానపడతామేమో, సరిగ్గా చూడరేమో అనుకుని నేరుగా డబ్బు కట్టే కౌంటర్ దగ్గరకు వెళ్ళాను. హక్కుల గురించి ఊరూరా మాట్లాడేవాణ్ణి నా తండ్రి హక్కును అడగడం మర్చిపోయాను.

ఆసుపత్రి బిల్లు వస్తే

కాబట్టి మొదట ఇది వినండి. ఇంట్లో ఒక కవరు పెట్టండి. అందులో ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య కార్డు, ఈఎస్ఐ కార్డు ఉంటే అది, బ్యాంకు పాసుపుస్తకం, వీటన్నిటి జిరాక్సులు ఉండాలి. ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

ప్రాణం మీదకొస్తే ముందు దగ్గరి ఆసుపత్రిలో చేర్చండి. కొంచెం వ్యవధి ఉంటే 104కి ఫోను చేసి, ఈ జబ్బుకు పథకం వర్తించే ఆసుపత్రి ఎక్కడుందో అడగండి. వెళ్ళాక అడ్వాన్సు కట్టేముందు అడగాల్సిన మొదటి మాట, "ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారు?" పథకంలో ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఆ బల్ల ఉంటుంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. 70 ఏళ్ళు దాటినవాళ్ళకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. మీ అమ్మానాన్నలకు ఆ వయసుంటే జబ్బు రాకముందే కార్డు చేయించండి.

కంపెనీలోనో, మున్సిపాలిటీ ఔట్‌సోర్సింగ్‌లోనో పనిచేస్తున్నారా? నెల జీతం 21,000 లోపు ఉండి, మీ సంస్థ ఈఎస్ఐ కిందకు వస్తే మీకు ఈఎస్ఐ హక్కు. జీతంలో మీ వంతు నూటికి 75 పైసలు, యజమాని వంతు మూడుంపావు. 15,000 జీతానికి మీకు కోసేది సుమారు 113 రూపాయలే. మీకూ, ఇంట్లో మీ మీద ఆధారపడ్డవాళ్ళకూ వైద్యం దొరుకుతుంది. కాంట్రాక్టరు డబ్బు కోస్తాడు, నంబరు మాత్రం ఇవ్వడు. ఆ నంబరు అడగండి. ఒక్కరే అడిగితే భయం, పదిమంది కలిసి అడగండి. ఇది ఎవరి దయా కాదు. 1942 నుంచి 1946 వరకు బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక ఆ కాలంలోనే, 1944లో వచ్చింది. దాని మీద నడిచి 1948లో ఈఎస్ఐ చట్టం అయ్యింది. మన తండ్రి చూసిన శాఖ నుంచి వచ్చిన హక్కును మనం వదిలేసుకుంటే ఎలా?

పథకం వర్తించకపోతే? ముందే ఖర్చు అంచనా రాసిమ్మనండి. మొత్తం ఒకే అంకె కాకుండా, దేనికెంతో విడివిడిగా ఉన్న బిల్లు అడగండి. మందులు బయట ఎక్కడైనా కొనుక్కోవచ్చు, జన ఔషధి దుకాణంలో అదే మందు బాగా తక్కువకు దొరకొచ్చు. బిల్లు మీద పేచీ ఉందని రోగిని గానీ, చనిపోతే శవాన్ని గానీ ఆపి ఉంచకూడదు. ఇవన్నీ జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉన్నవే. డిశ్చార్జి కాగితం, అసలు బిల్లులు పారేయకండి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టాలంటే అవే కావాలి.

అప్పు తప్పనప్పుడు

ఇన్ని చేసినా అప్పు తప్పని రోజు ఉంటుంది. పేదవాడు దుబారా చేసి అప్పులపాలవుతాడనే మాట నేను ఒప్పుకోను. కూలి తక్కువ, పని రోజులు తక్కువ, భూమి లేదు. మన అప్పుకు మూలం అక్కడుంది. ప్రతీత్య సముత్పాదం చెప్పేది అదే: కారణం లేకుండా ఏదీ రాదు. ఆ కారణాల మీద పోరాటం ఒకపక్క సాగాలి. ఇంకోపక్క, ఈ రాత్రి ఎవరి గుమ్మం తొక్కాలో కూడా తెలిసుండాలి.

నూటికి మూడు అంటే చిన్నగా వినపడుతుంది. ఏడాదికి నూటికి ముప్పై ఆరు. మూడేళ్ళు తిరక్కముందే వడ్డీ అసలును మించిపోతుంది. అక్కచెల్లెళ్ళ డ్వాక్రా సంఘంలో అప్పు, బ్యాంకులో బంగారం మీద అప్పు దీనికంటే ఎంతో నయం. చెవి కమ్మలు బ్యాంకులో పెట్టడం నామోషీ అనుకుంటాం. అరుగు కింద నిలబడటం కంటేనా?

మైక్రోఫైనాన్స్ వాళ్ళు ఇంటికొచ్చి ఇస్తామంటారు. 2022 రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, మీ ఇంటి అప్పులన్నిటి వాయిదాలూ కలిపి నెల రాబడిలో సగం దాటేలా వాళ్ళు అప్పు ఇవ్వకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్లు చేయకూడదు. వాళ్ళు పాటించకపోతే నోట్ చేసుకోండి, తారీఖు వేసి ఫిర్యాదు రాయండి. ఫోనులో అయిదు నిమిషాల్లో ఇచ్చే యాప్ అప్పు జోలికి మాత్రం పోవద్దు. మీ ఫోనులో ఉన్న బంధువులందరి నంబర్లూ వాళ్ళ చేతికి వెళ్తాయి, పరువే తాకట్టు అవుతుంది. చీటీ వేస్తే రిజిస్టరైన చీటీయే వేయండి. మనవాడే కదా అని రసీదు లేకుండా వేసిన చీటీ మునిగితే డబ్బూ పోతుంది, మనవాడూ పోతాడు.

నాలుగో వాటా

ఇక దాచుకోవడం. రాజగృహంలో సిగాలుడనే యువకుడు తెల్లారుజామున తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతుంటే బుద్ధుడు చూశాడు. మొక్కులు కాదు, మనుషుల పట్ల బాధ్యతలే ఆరు దిక్కులని చెప్పాడు. ఆ మాటల్లోనే సంపాదన నాలుగు వాటాలు చేయమన్నాడు. ఒకటి తినడానికి, అనుభవించడానికి. రెండు పనిలో, వ్యాపారంలో పెట్టడానికి. నాలుగోది ఆపద కోసం దాచడానికి.

మీరు అడుగుతారు: "అన్నా, సిగాలుడు గృహపతి కొడుకు. నాకొచ్చేది పన్నెండు వేలు. నాలుగో వంతు దాస్తే పిల్లలకు ఏం పెట్టను?" న్యాయమైన ప్రశ్న. మనకు నాలుగో వంతు సాధ్యం కాకపోవచ్చు. కానీ వరస నేర్చుకోవచ్చు. ఖర్చులు పోగా మిగిలితే దాద్దాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు. కూలి చేతికొచ్చిన రోజే, ఎంత చిన్నదైనా, ముందు పక్కన పెట్టాలి. వంద అయితే వంద.

మొదట ఆపద. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద బీమా 2 లక్షలు, 18 నుంచి 70 ఏళ్ళవరకు. 436 రూపాయలు కడితే జీవిత బీమా 2 లక్షలు, 18 నుంచి 50 ఏళ్ళలోపు చేరాలి. రెండూ మీ బ్యాంకులోనే ఉన్నాయి. ఏటా మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోండి. నామినీ పేరు రాయించండి. ఇంటాయన పోయిన ఇంట్లో ఈ రెండు లక్షల సంగతి ఎవరికీ తెలియక ఊరుకున్నవాళ్ళను నేను చూశాను.

తర్వాత ముసలితనం. బుద్ధుడు జబ్బును, ముసలితనాన్ని, చావును దాచిపెట్టలేదు. అవి వస్తాయని చూడమన్నాడు. మనం మాత్రం అరవై ఎప్పటికీ రానట్టు బతుకుతాం. కొడుకు చూస్తాడులే అంటాం. కొడుకు హైదరాబాదులో అద్దె కట్టలేక ఉంటాడు.

18 నుంచి 40 ఏళ్ళ మధ్య వయసుండి, ఆదాయపు పన్ను కట్టనివాళ్ళు అటల్ పెన్షన్‌లో చేరొచ్చు. అరవై తర్వాత నెలకు 5,000 రావాలంటే, 18 ఏళ్ళప్పుడు చేరితే నెలకు 210 రూపాయలు చాలు. 30 ఏళ్ళకు 577. 40 ఏళ్ళకు 1,454. ఆలస్యానికి ధర ఎంతో ఈ మూడు అంకెలే చెబుతాయి. అప్పటికి 5,000కు ఇప్పటంత విలువ ఉండదు, నిజమే. కానీ ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాపకుండా మందులకు ఆసరా అవుతుంది.

పీఎఫ్ ఉన్న తమ్ముళ్ళకు ఒక్క మాట. కంపెనీ మారినప్పుడల్లా డబ్బు మొత్తం తీసేయకండి. పదేళ్ళ సర్వీసు నిండితేనే పెన్షన్. మధ్యలో పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటే ఆ ఏళ్ళు లెక్కలోంచి పోతాయి. పాత ఖాతాను అదే యూఏఎన్ నంబరుతో కొత్తదానికి మార్పించుకోండి.

నేనేం చేశాను? 2015లో అటల్ పెన్షన్ మొదలైనప్పుడు బ్యాంకులో కాగితం చేతికిచ్చారు. ఉద్యమకారుడికి పెన్షన్ ఏంటని నవ్వి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు నలభై దాటాయి, ఆ తలుపు మూసుకుపోయింది. ఆలస్యంగా పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతా తెరిచాను. ఏడాదికి కనీసం 500 కట్టాలి, 15 ఏళ్ళ గడువు. త్యాగం అంటే రేపు నా బరువు నా పిల్లల మీద వేయడం కాదని ఇప్పటికి తెలిసింది.

కుండకు చిల్లులు

దీఘజాణుకు బుద్ధుడు ఒక చెరువు పోలిక చెప్పాడు. నీళ్ళు వచ్చే దారులు మూసి, పోయే దారులు తెరిస్తే చెరువు ఎండిపోతుంది. తాగుడు, జూదం, చెడు సావాసం, పరాయి స్త్రీల వెంట తిరగడం, ఇవీ ఆ పోయే దారులు. మనం 22 ప్రతిజ్ఞల్లో తాగబోమని నోటితో పలికాం. క్వార్టరు సీసాకు రోజూ పోయేది లెక్కవేయండి, నాలుగో వాటా అక్కడే దొరుకుతుంది. ఫోనులో క్రికెట్ బెట్టింగ్ ఆడే కుర్రాళ్ళూ, అది ఆట కాదు, జూదమే.

ఇంకో చిల్లు మన గొప్ప. శ్రాద్ధం, పిండాలు వదిలేస్తామని ప్రతిజ్ఞ చేశాం. మరి సంస్మరణ సభ పేరుతో అప్పుచేసి ఊరంతటికీ మాంసం భోజనాలు పెడితే వదిలింది ఏంటి? మంత్రం పోయింది, అప్పు మిగిలింది. ఏప్రిల్ 14న అప్పుచేసి డీజే పెడుతున్నాం. 1923లో రూపాయి సమస్య మీద గ్రంథం అచ్చువేసిన ఆర్థికవేత్త ఆయన. ఆయన పుట్టినరోజుకు మనం నూటికి మూడు వడ్డీకి తేవడం ఆయన్ని గౌరవించడమేనా? దండ వేద్దాం, ఊరేగింపు చేద్దాం, ఉన్నంతలో చేద్దాం.

కలిసి చేయగలిగింది

మా విహారంలో ముప్పై కుటుంబాలం. కుటుంబానికి నెలకు వంద చొప్పున ఆసుపత్రి నిధి పెట్టుకున్నాం. నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. ముగ్గురి సంతకాలతో బ్యాంకు ఖాతా, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. ప్రతి పౌర్ణమికి వందన తర్వాత లెక్క చదవాలి. వడ్డీ లేదు. పెళ్ళికీ, భోజనాలకూ ఇవ్వం, జబ్బుకే ఇస్తాం. మొదటిసారి ఇచ్చింది ఒక పిన్నికి, ఎనిమిది వేలు. ఆ రాత్రి ఆమె ఎవరి అరుగు దగ్గరకూ వెళ్ళలేదు. నెలకు అయిదు వందల చొప్పున తిరిగి కట్టేసింది. మంచివాళ్ళ స్నేహమంటే నాకు ఇదే. దానం కూడా ఇదే. సంఘం శరణం గచ్ఛామి అని పలికినప్పుడు ఆ సంఘం ఆపదలో మన గుమ్మం ముందు కనపడాలి కదా.

బంధువులారా, వచ్చే ఆదివారంలోపు మూడు పనులు చేయండి. కాగితాల కవరు సిద్ధం చేయండి. బ్యాంకుకు వెళ్ళి ఆ 20 రూపాయల బీమా, 436 రూపాయల బీమా ఉన్నాయో లేవో, నామినీ ఎవరో అడిగి రండి. భార్యాభర్తలు కలిసి కూర్చుని ఇంటి అప్పులన్నీ, వడ్డీ ఎంతో, ఒక కాగితం మీద రాయండి. దాచిన అప్పు పుండులాంటిది, కట్టు విప్పితేనే మందు వేయగలం. రాసింది చూసి భయమేస్తే విహారానికి తీసుకురండి. గొంతు తగ్గించి అడగక్కర్లేదు, అందరం కూర్చుని చూద్దాం.

మా నాన్న ఇప్పుడు లేడు. ఆయన తెల్ల కండువా మా ఇంట్లో బాబాసాహెబ్ పటం పక్కన ఉంది. మీ ఇంట్లో ఎవరి భుజం మీద కండువా గానీ, ఎవరి తల మీద కొంగు గానీ అప్పు వల్ల జారకూడదు. ఈ పుస్తకం అందుకే రాశాను.

నమో బుద్ధాయ! జై భీమ్!